క్లోజపిన్ మాత్ర: తమ్ముడికి ఏళ్లుగా వాడుతున్న అక్కగా నా రివ్యూ

మిక్సీ కొనాలంటే నాలుగు రివ్యూలు చదివి కొంటాం. ఇంట్లో మనిషి ఏళ్ల తరబడి రోజూ మింగాల్సిన మందు గురించి మాత్రం, వాడినవాళ్లు మన భాషలో రాసింది వెతికినా పెద్దగా కనిపించదు. అందుకే రాస్తున్నాను. మందు పేరు క్లోజపిన్, జబ్బు స్కిజోఫ్రేనియా, అంటే లేని మాటలు వినపడి, లేనిపోని అనుమానాలు పుట్టే మనసు జబ్బు. వాడేది మా తమ్ముడు, మాత్రల డబ్బా చూసుకునేది అమ్మా నేనూ. మార్కులు ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగు. నేను డాక్టర్ని కాదు కాబట్టి ఇది చదివి ఎవరూ సొంతంగా మొదలుపెట్టొద్దు, సొంతంగా ఆపొద్దు, ఇది షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదు. కానీ మీ ఇంట్లో రెండు రకాల మందులు సరిగ్గా వాడినా తగ్గని మనిషి ఉంటే, డాక్టరు ఎత్తేదాకా ఆగకుండా ఈ పేరు మీరే ఎత్తండి. ఇంత పొడుగు రాస్తున్నది ముఖ్యంగా ఆ ఒక్క మాట కోసం.

తమ్ముడికి డిగ్రీ చదివే రోజుల్లో మొదలైంది. మగపిల్లల్లో చాలామందికి ఆ వయసులోనే, ఇరవైకి అటూ ఇటూగా వస్తుందట. ముందు చదువు మీద ధ్యాస పోయింది, స్నానం మానేశాడు, రాత్రుళ్లు నిద్ర లేదు. తర్వాత పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని కిటికీలన్నీ మూసేయడం, వార్తల్లో తన పేరు చదువుతున్నారని టీవీ వైరు పీకేయడం. చెవిలో ఇద్దరు మగవాళ్లు ఎప్పుడూ తిడుతూ ఉంటారని చాలా రోజుల తర్వాత చెప్పాడు. బంధువుల్లో ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు ఎవరో ఏదో చేయించారన్నారు. నాన్న ఎవరి మాటా వినకుండా నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు, ఆ విషయంలో నాన్నకి ఎప్పటికీ రుణపడి ఉంటాం.

మొదట రిస్పెరిడోన్ రాశారు. చేతులు వణకడం, మనిషి కర్రలా బిగుసుకుపోయి నడవడం, దానికి విరుగుడుగా ఇంకో మాత్ర. తర్వాత ఒలాంజపిన్. దాంతో నిద్ర పట్టింది, ఆకలి విపరీతంగా పెరిగింది, ఒళ్లు వచ్చింది, అరుపులు తగ్గాయి, కానీ ఆ చెవిలో మాటలు మాత్రం పోలేదు. ఇక్కడే నా కోపమంతా. అప్పట్లో చూపించిన ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఒక మందు మీద ఇంకో మందు కలుపుతూ, డోసు పెంచుతూ తగ్గిస్తూ చాలా కాలం నడిపారు. క్లోజపిన్ గురించి నాన్న అడిగితే, "దాంతో రక్తం దెబ్బతింటుందండీ, అంత రిస్కు ఎందుకు" అని తేల్చేశారు. కానీ నియమం చాలా సూటిగా ఉంది. రెండు వేరువేరు మందులు, ఒక్కోటి తగినంత డోసులో కనీసం ఆరు వారాలు క్రమం తప్పకుండా వేసినా గుణం కనిపించకపోతే, ఇక మామూలు మందులకి లొంగని జబ్బు కిందే లెక్క, అప్పుడు వాడాల్సింది క్లోజపిన్. స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మంది ఇలాంటివాళ్లే ఉంటారని చెప్తారు. అంటే అరుదైన సంగతేం కాదు. తమ్ముడి ఇరవైల్లో మంచి కాలం కొంత ఆ కలపడాల్లోనే పోయింది.

ఆ డాక్టరు భయం ఊరికే పుట్టింది కాదు, అదీ చెప్పాలి. 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడినవాళ్లలో ఎనిమిది మంది, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్త కణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్లతో చనిపోయారు. దాంతో చాలా దేశాల్లో మందు పక్కన పెట్టేశారు. 1988లో అమెరికాలో, ఏ మందుకీ లొంగని రోగుల మీద ఆరు వారాలు పరీక్షిస్తే, పాత మందు క్లోర్‌ప్రొమజైన్‌తో నూటికి నలుగురికి గుణం కనిపిస్తే క్లోజపిన్‌తో ముప్ఫై మందికి కనిపించింది. ఆ మరుసటి ఏడాది, రక్త పరీక్షలు తప్పనిసరి అనే షరతుతో అక్కడ అనుమతి ఇచ్చారు. తర్వాత అదే ఫిన్లాండ్‌లో 66 వేల మందికి పైగా రోగుల లెక్కలు పదకొండేళ్లవి తీసి 2009లో ప్రచురిస్తే, మందులు వాడేవాళ్లలో అన్నిటికంటే తక్కువ మరణాలు క్లోజపిన్ వాడినవాళ్లలోనే ఉన్నాయి. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్లకి ఈ మందు ప్రత్యేకంగా పనికొస్తుందని కూడా తేలింది. ఇదంతా మాకు వివరంగా చెప్పింది ఒక ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరమ్మ గారు, ఓపీలో మా వెనక అంత జనం ఉండగా, నాన్న అడిగిన ప్రతి ప్రశ్నకీ విసుక్కోకుండా. ఆవిడ అనుమతి లేకుండా పేరు రాయడం బాగోదు.

మొదలుపెట్టే పద్ధతి నెమ్మదిగా ఉంటుంది, ఓపిక పట్టాలి. ముందు రక్త పరీక్ష, ఈసీజీ. తర్వాత 25 మిల్లీగ్రాముల బిళ్ళలో సగం, అంటే పన్నెండున్నర. అక్కడి నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్తారు. తమ్ముడు పడుకున్నవాడు గబుక్కున లేస్తే కళ్లు తిరిగేవి, గుండె దడదడలాడేది. మంచం మీద కాసేపు కూర్చుని లేవడం అలవాటు చేశాం. మొదటి రెండు నెలల్లో జ్వరం గానీ ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు, గుండె కండరానికి వాపు రావచ్చట, అరుదే కానీ వస్తే ప్రమాదం. తమ్ముడికి రాలేదు.

రక్త పరీక్ష అంటే ల్యాబుల్లో సీబీపీ అంటారే, అదే. మొదటి 18 వారాలు వారం వారం, తర్వాత నెలకోసారి. రిపోర్టులో మేం చూసుకునేది రెండే, మొత్తం తెల్ల కణాల కౌంటు, అందులో న్యూట్రోఫిల్స్ అనే రకం కణాలు. న్యూట్రోఫిల్స్ 1500 కంటే తగ్గితే మందు ఆపి వెంటనే రమ్మని డాక్టరమ్మ గారు నోట్‌బుక్ అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసిచ్చారు. కౌంటు ప్రమాదకరంగా పడిపోవడం నూటికి ఒక్కరికి కూడా రాదు, వచ్చినా ఎక్కువగా మొదటి నెలల్లోనే. అయినా గొంతు నొప్పి, జ్వరం కలిసి వచ్చాయంటే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించి ఊరుకోకుండా ఆ పూటే సీబీపీ చేయించాలి. అమెరికాలో ఈ పరీక్షలకి ముడిపెట్టిన నిబంధనల చట్రాన్ని 2025లో ఎత్తేశారని ఎవరో మెసేజ్ పంపితే డాక్టరమ్మ గారిని అడిగాను. పరీక్షలు అక్కర్లేదని దానర్థం కాదు, మనం మాత్రం చేయిస్తూనే ఉందాం అన్నారు. నాకూ అదే నచ్చింది. నెలకోసారి ఒక సూది గుచ్చడం పెద్ద భారమేం కాదు.

గుణం ఎప్పుడు కనిపించింది అంటే, వారాల్లో కాదు, నెలల్లో. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేస్తూ తమ్ముడు తలెత్తి పైకి చూసి, "అక్కా, ఈ ఫ్యాను ఎప్పుడూ ఇంత చప్పుడు చేస్తుందా?" అన్నాడు. అది పెళ్లప్పుడు కొన్న పాత ఫ్యాను, ఏళ్లుగా కిర్రుమంటూనే ఉంది. వాడికి అన్నాళ్లూ వినపడలేదు, ఆ తిట్ల మధ్య ఫ్యాను చప్పుడుకి చోటెక్కడ ఉంటుంది. అమ్మ పెరుగు గిన్నె అక్కడే పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. మాటలు పూర్తిగా పోలేదు, ఇప్పటికీ బాగా అలసిపోయినప్పుడు దూరంగా వినపడతాయంటాడు, కానీ అవి అబద్ధమని తెలుసుకుని పక్కన పెట్టగలుగుతున్నాడు. నాలుగు మార్కులు దీనికే.

ఇక తగ్గించిన మార్కు సంగతి. మొదటిది చొంగ. రాత్రి నిద్రలో దిండు తడిసిపోతుంది, పొద్దున్నే గడ్డం కింద చర్మం ఒరిసిపోయి ఎర్రగా ఉంటుంది. దిండు మీద మందపాటి తువ్వాలు, పక్కకి తిరిగి పడుకోవడం, డాక్టరు రాసిన చుక్కలు, వీటితో సగం తగ్గింది. పెళ్లీడు కుర్రాడికి ఎవరింట్లోనైనా పడుకోవాలంటే ఎంత చిన్నతనమో ఆలోచించండి, దీన్ని చిన్న విషయంగా తీసిపారేసే డాక్టర్లంటే నాకు నచ్చదు. రెండోది నిద్ర. డోసులో ఎక్కువ భాగం రాత్రికి మార్చాక పొద్దున ఎనిమిదికి లేవగలుగుతున్నాడు, అంతకుముందు లేపలేకపోయేవాళ్లం.

మూడోదాని గురించి ఎవరూ నోరు విప్పరు, నేను విప్పుతాను. మలబద్ధకం. క్లోజపిన్‌తో పేగులు మందగిస్తాయి, ముదిరితే పేగు కదలిక ఆగిపోయి ప్రాణాల మీదకి వస్తుంది. మాటవరసకి అంటున్నది కాదు, రక్తం సంగతి అందరికీ తెలుసు కానీ దీంతో కూడా మనుషులు చనిపోయారు. రెండు రోజులు మోషన్ అవ్వకపోతే మాకు టెన్షన్ మొదలవుతుంది. తమ్ముడు అడక్కపోతే చెప్పడు, కాబట్టి అమ్మ రోజూ అడుగుతుంది, వాడు విసుక్కున్నా అడుగుతుంది. షాపులో ఇసబ్గోల్ తెచ్చుకుని సరిపెట్టుకోకండి, ఇక్కడ అది అంత మంచిది కాకపోవచ్చని చెప్పి మాకు లాక్టులోజ్ సిరప్ రాశారు. కడుపు ఉబ్బి, నొప్పి, వాంతులు ఉంటే అది ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం, ఇంట్లో వాము నీళ్లు తాగించే విషయం కాదు.

బరువు, షుగర్ మాత్రం ఇప్పటికీ పోరాటమే. ఈ జబ్బు ఉన్నవాళ్ల ఆయుష్షు మిగతావాళ్ల కంటే పదేళ్లు, పదిహేనేళ్లు తక్కువ ఉంటోందంటే, దానికి పెద్ద కారణాల్లో గుండె జబ్బు, షుగర్, పొగ ఉన్నాయి. కాబట్టి మనసు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం కదా అని షుగర్, కొలెస్ట్రాల్, బీపీ వదిలేయకూడదు. మా ఇంట్లో రాత్రి అన్నం మానేసి జొన్న రొట్టె పెట్టాం, తమ్ముడి ఒక్కడికీ కాదు అందరికీ. ఒక్కడికే వేరే పళ్లెం పెడితే మందు మీదే కోపం పెంచుకుంటాడు.

సిగరెట్ సంగతి చాలామందికి తెలియదు. పొగలో ఉండే పదార్థాల వల్ల లివర్ క్లోజపిన్‌ని త్వరగా ఖర్చు చేసేస్తుంది. కాబట్టి రోజూ కాల్చే మనిషి ఉన్నట్టుండి మానేస్తే, వేసుకునే డోసు అదే అయినా రక్తంలో మందు బాగా పెరిగిపోతుంది. తమ్ముడు అయ్యప్ప మాల వేసుకుంటానన్నప్పుడు నాన్న ముందే వెళ్లి డాక్టరమ్మ గారితో మాట్లాడారు. 41 రోజులు సిగరెట్ ఉండదు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం. ఆవిడ వద్దనలేదు. డోసు తగ్గించి, మొదటి పది రోజులూ మత్తు, చొంగ, తడబాటు పెరుగుతున్నాయేమో చూడమన్నారు, స్నానానికి ఎవరైనా తోడు లేవమన్నారు, గురుస్వామికి చెప్పి రాత్రి ఫలహారం కాస్త ముందు పెట్టించమన్నారు. మాల తీశాక సిగరెట్ మళ్లీ మొదలుపెడితే డోసు మళ్లీ చూడాలని కూడా చెప్పారు. వాడు మళ్లీ ముట్టుకోలేదు. దీక్ష వేయించాలనుకునే ఇళ్లవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

అలాగే సిప్రోఫ్లాక్సాసిన్. విరేచనాలన్నా, యూరిన్‌లో మంటన్నా మందుల షాపుల్లో అడక్కుండానే చేతిలో పెట్టే యాంటీబయాటిక్ అది. క్లోజపిన్ వాడేవాళ్లకి అది రక్తంలో మందుని ప్రమాదకరంగా పెంచేయగలదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరైనా సరే, క్లోజపిన్ పేరు ముందు చెప్పాలి. మేం ఒక అట్టముక్క మీద రాసి తమ్ముడి పర్సులో పెట్టాం. కాఫీ కూడా ఎక్కువైతే మందు పెరుగుతుందట, పొద్దున ఒక్క గ్లాసుతో ఆపేస్తాడు.

మందు ఖరీదు మోయలేనంతేం కాదు, దొరకడమే ఇబ్బంది. చిన్న ఊళ్లలో ప్రతి షాపులోనూ ఉండదు. పండగ సెలవుల్లో మేం తీసుకునే షాపులో స్టాకు అయిపోయి, "సోమవారం రండి" అని తేలిగ్గా చెప్పేశారు. వాళ్లకి తెలియంది ఏంటంటే, ఈ మందు 48 గంటలకి మించి తప్పిందంటే మళ్లీ పాత డోసు అలాగే వేసేయకూడదు, పన్నెండున్నర నుంచి మళ్లీ మెట్లు ఎక్కాల్సిందే, లేకపోతే బీపీ పడిపోయి కుప్పకూలిపోవచ్చు. అదృష్టం కొద్దీ పిన్నివాళ్ల ఊళ్లో దొరికితే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. అప్పటి నుంచి ఇంట్లో రెండు స్ట్రిప్పులు ఎప్పుడూ అదనంగా ఉంటాయి.

ఎన్నాళ్లు వాడాలి అని అందరూ అడిగేదే. బాగున్నాడు కదా, ఇక ఆపేయొచ్చుగా అని మావయ్య ప్రతి శుభకార్యానికీ అంటూనే ఉంటాడు. బాగున్నది మందు వల్లే మావయ్యా అని నేనూ ప్రతిసారీ చెప్తూనే ఉంటాను. ఈ జబ్బు మందుల మీద జరిగిన చాలా పరీక్షల్ని కలిపి 2012లో లెక్క తీస్తే, ఏడాది లోపు జబ్బు తిరగబెట్టినవాళ్లు మందు వాడినవాళ్లలో నూటికి 27 మంది, ఆపినవాళ్లలో 64 మంది. మందు వాడినా తిరగబెట్టొచ్చు, అదీ ఆ లెక్కలోనే ఉంది. అందుకే నిద్ర రెండు రాత్రులు వరుసగా చెడితే, తలుపు గడియలు మళ్లీ మళ్లీ చూసుకోవడం మొదలైతే, మేం అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగం. క్లోజపిన్‌ని ఉన్నట్టుండి ఆపితే జబ్బు మరీ ఉధృతంగా తిరగబెడుతుంది, కాబట్టి ఆపాల్సి వచ్చినా డాక్టరు చేతుల మీదుగానే ఆపాలి.

మరి భవిష్యత్తు? చెన్నైలో 1981 నుంచి, అప్పుడే జబ్బు మొదలైన 90 మందిని తీసుకుని ఇరవై ఏళ్లకు పైగా వెంట ఉండి చూశారు. పూర్తిగా కోలుకుని మళ్లీ రానివాళ్లు కొద్దిమందే, అసలు ఎప్పుడూ తగ్గనివాళ్లూ కొద్దిమందే, ఎక్కువమందిది వచ్చి తగ్గి, మళ్లీ వచ్చి తగ్గే దారి. నాకు ఇది ధైర్యం ఇచ్చే విషయమే. ఈ జబ్బు పేరు వినగానే జీవితం అయిపోయిందనే మాట అబద్ధమని దీంతో తెలుస్తుంది.

ఈ మాత్ర చేయలేని పని ఒకటుంది, అది కూడా తెలిసి మొదలుపెట్టాలి. మాటలు తగ్గిస్తుంది, అనుమానాలు తగ్గిస్తుంది, కానీ పోయిన హుషారుని పెద్దగా తెచ్చివ్వదు. తమ్ముడు గంటలకొద్దీ గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు, పిలిస్తేనే లేస్తాడు. బద్ధకం అంటారు జనం. అది జబ్బులో భాగమే. ఇంట్లో దెప్పిపొడుపులు, ఈసడింపులు ఎక్కువుంటే జబ్బు త్వరగా తిరగబెడుతుందని లండన్‌లో తేలింది, చండీగఢ్‌లోనూ పరీక్షిస్తే మన దగ్గర కుటుంబాల్లో ఆ విమర్శలు తక్కువగా కనిపించాయి. ఆ తక్కువని కాపాడుకోవాలని నా కోరిక. ఇప్పుడు వాడు పొద్దున పూట బాబాయి ఎరువుల దుకాణంలో కూర్చుని బస్తాల లెక్క రాస్తాడు. రాత వంకరగా ఉంటుంది, లెక్క తప్పదు. బాబాయి నెలనెలా కవర్లో పెట్టి జీతం ఇస్తాడు, దానం చేసినట్టు కాకుండా సంతకం పెట్టించుకుని ఇస్తాడు. ఆ సంతకం చేసిన పని ఏ మాత్రా చేయలేదు.

పెళ్లి చేస్తే అదే తగ్గుతుందనేవాళ్లకి ఒక్కటే జవాబు, తగ్గదు, జబ్బు దాచి చేసిన పెళ్లి కోర్టులో నిలబడకపోవచ్చు కూడా, పైగా ఆ అమ్మాయి బతుకు ఏమవ్వాలి. అన్నీ చెప్పి, ఇద్దరూ ఇష్టపడి చేసుకుంటే అది వేరే సంగతి.

డబ్బు విషయానికొస్తే, మానసిక వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే, వైకల్యం శాతం రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌తో పింఛను వస్తుంది, ఆంధ్రలో 2024 నుంచి నెలకి 6000, తెలంగాణలో 2023 నుంచి 4016. శిబిరం రోజున మనిషి బాగా తయారై టకటకా జవాబులు చెప్తే శాతం తక్కువ పడే అవకాశం ఉంది, కాబట్టి పాత చీటీలు, అడ్మిషన్ కాగితాలు అన్నీ పట్టుకెళ్లి ఇంట్లో ఎలా ఉంటాడో మీరే నోరు తెరిచి చెప్పండి. ఆరోగ్య బీమా కంపెనీలు ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాసి ఉంది, ఏజెంటు కాదంటే ఆ చట్టం పేరు చెప్పండి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, ముఖ్యంగా మనిషి చావు గురించి మాట్లాడుతుంటే, ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందు మార్చుకోవడానికి కాదు, ఆ రాత్రి గడవడానికి.

అమ్మా నాన్నల తర్వాత ఏంటి అనేది మా ఇంట్లో అందరి మనసులోనూ ఉన్నదే, పోయిన ఏడాది కూర్చుని పైకే మాట్లాడుకున్నాం. అదే చట్టం ప్రకారం, జబ్బు ముదిరి తను నిర్ణయం తీసుకోలేని రోజున తన తరఫున ఎవరు మాట్లాడాలో రోగే ముందుగా రాసిపెట్టుకోవచ్చు, తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. తమ్ముడు నా పేరు రాశాడు. తనకి ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో కూడా ముందే రాసుకునే వీలుంది, దాన్ని మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డులో రిజిస్టరు చేయించాలి. అందులో వాడు సొంతంగా చెప్పి రాయించిన మొదటి వాక్యం, క్లోజపిన్ నన్ను అడగకుండా ఆపొద్దు అని. రెండోది, చాలా ఏళ్ల క్రితం మెడ పట్టేసేలా చేసిన ఒక ఇంజెక్షన్ పేరు రాసి, అది వద్దు అని. ఆ కాగితం ఇంకా రిజిస్టరు కావాలి, ఆ పని మీద వచ్చే వారం మళ్లీ తిరగాలి.